ఒక ఆటల యంత్రానికి మరణ ధ్రువపత్రం

మన పత్రికకి డాక్టర్లు వ్యాసం పంపితే అది రక్తపోటు గురించో, మధుమేహం గురించో, కాకపోతే ఆవకాయలో ఉప్పు గురించో అయివుంటుందని పాఠకులకి అనుభవం. సంపాదకులు కూడా బహుశా అదే ఆశించి, "ఈసారి మీరు ఏదైనా వ్రాయాలి" అన్నారు. ఏదైనా అన్నారు గనుక ఆ మాటనే పట్టుకొని, ఉప్పు జోలికి పోకుండా, 1993లో పుట్టి 1996లో పోయిన ఒక ఆటల యంత్రం గురించి వ్రాస్తున్నాను. దాని పేరు త్రీడీవో. పేరు విననివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కరలేదు. అది బ్రతికున్న రోజుల్లో, అది పుట్టిన అమెరికాలోనే, దాన్ని ఇంటికి తెచ్చుకొన్నవాళ్ళు కొద్దిమంది.

ఆటల యంత్రానికీ డాక్టరుకీ ఏమిటి సంబంధమంటారా? చెబుతాను. ఈ దేశంలో మనిషి పోయినప్పుడు డాక్టరు నింపవలసిన ధ్రువపత్రంలో మరణ కారణానికి ఒక్క గడి ఉండదు. ఒకదానికింద ఒకటిగా నాలుగు వరుసలు ఉంటాయి. పై వరుసలో తక్షణ కారణం వ్రాయాలి. దాని కింద, అది దేనివల్ల వచ్చిందో వ్రాయాలి. ఆ కింద, అదైనా మళ్ళీ దేనివల్ల వచ్చిందో వ్రాయాలి. ఇలా మెట్లు దిగుతూ పోగా అన్నిటికన్నా అడుగున తేలేదాన్ని మూలకారణం అంటారు. కొత్తగా పనిలో చేరిన డాక్టర్లు పై వరుసలో "గుండె ఆగిపోయింది" అని వ్రాసి సంతకం పెట్టబోతారు. పెద్ద డాక్టరు ఆ కాగితం తిరిగి చేతిలో పెట్టి, "గుండె ఆగకుండా పోయినవాళ్ళు ఎవరున్నారు? ఎందుకు ఆగిందో అది వ్రాయి" అంటారు.

త్రీడీవో సంగతి తెలిసినవాళ్ళని ఎవరిని కదిపినా, "ధర ఎక్కువమ్మా, అందుకే పోయింది" అంటారు. దాని ధర 699 డాలర్ల 99 సెంట్లు. ధర ఎక్కువన్నది అబద్ధం కాదు. కాని అది కూడా "గుండె ఆగిపోయింది" అన్నటువంటి మాటే. అంత ధర ఎందుకు పెట్టవలసి వచ్చింది, పెట్టినవాళ్ళు దాన్ని తగ్గించలేకపోవటానికి కారణమేమిటి అన్నది కింది వరుసల్లో ఉంది. నేను అక్కడిదాకా దిగవలసిన అవసరం ఎలా వచ్చిందో ముందు మనవి చేస్తాను.

మా ఊరి తెలుగువాళ్ళలో పెద్దాయన ఒకరున్నారు. 1970లలో ఇంజనీరుగా వచ్చి, పిల్లల్ని పెంచి, ఇక్కడే పదవీ విరమణ చేశారు. రక్తసంబంధం లేకపోయినా ఆయన మాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. గత వేసవిలో వారు పెద్దిల్లు అమ్మేసి కూతురు ఉన్న ఊరికి మారుతూ బేస్‌మెంటు ఖాళీ చేస్తూంటే నేనూ సాయం వెళ్ళాను. ఇత్తడి బిందెలు, పాత పంచాంగాలు, ఘంటసాల కాసెట్లు, ఎవరో ఇండియానుంచి తెచ్చి ఇచ్చిన తిరుగలి, వీటన్నిటి వెనకాల అట్టపెట్టెలో భద్రంగా ఒక నల్లటి యంత్రం కనిపించింది. పెద్ద నిఘంటువంత ఉంది, బరువు కూడా అంతే.

"ఇదేమిటి బాబాయిగారూ?" అన్నాను.

"అదా? అది నా బుద్ధితక్కువతనం అమ్మా. చెత్తలో పడెయ్యి."

"ముప్ఫయ్యేళ్ళనుంచీ ఆ మాటే అంటున్నారు. నేను పడెయ్యబోతే మాత్రం వద్దంటారు" అన్నారు పిన్నిగారు, బిందెలకి కాగితాలు చుడుతూనే.

సంగతేమిటంటే, 1993లో వాళ్ళబ్బాయికి పదేళ్ళు. బళ్ళో పిల్లలందరి ఇళ్ళల్లోనూ సెగా ఉంది, తనకీ సెగా కావాలన్నాడు. బాబాయిగారు ఇంజనీరు గదా, అడిగిందే తడవుగా కొనే మనిషి కాదు. పత్రికలు తెచ్చి చదివారు. త్రీడీవో అని కొత్తది రాబోతోంది, సెగాది 16 బిట్ల బుర్ర అయితే దీనిది 32 బిట్లది, ఆటలు ఆడటమే కాదు, పాటల సీడీలు వేస్తుంది, ఫోటోలు చూపిస్తుంది, మున్ముందు విజ్ఞాన సర్వస్వాలు కూడా దీనిమీదే వస్తాయి అని ఉంది. "వట్టి ఆటలయితే సెగాయే కొందును. ఇది చదువుకి కూడా పనికొస్తుందన్నారు. ఆ నెల ఇంటి వాయిదా ఎంతో దీని ధర అంత" అన్నారు ఆయన. యంత్రం ఇంటికి వచ్చింది. దానితోపాటు ఒకే ఒక్క ఆట వచ్చింది. సెగా ఉన్న పిల్లలు బళ్ళో కాట్రిడ్జిలు ఒకరికొకరు మార్చుకొనేవాళ్ళు. ఈ పిల్లవాడికి మార్చుకోవటానికి తోడు లేదు. "వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదమ్మా. ఆ ఒక్క ఆటే ఆడుకొంటూ కూర్చునేవాడు. అదే నాకు ఇప్పటికీ..." అని ఆయన మాట మార్చి, ఆ తిరుగలి నన్ను తీసుకొమ్మన్నారు.

ఆసుపత్రిలో ఇటువంటి మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. "ముందురోజే తీసుకొచ్చి ఉంటే", "ఆ రోజు నేను ఊళ్ళో ఉండివుంటే", "ఆ మాత్ర నేనే వద్దన్నాను" అంటూ, చావుకి ఏ సంబంధమూ లేని మనిషి ఆ చావుని తన నెత్తిన వేసుకొంటాడు. అటువంటప్పుడు "మీ తప్పేమీ లేదండీ" అని భుజం తట్టినంత మాత్రాన లాభం లేదు. ఏది దేనివల్ల జరిగిందో వరుసగా చెప్పినప్పుడే కొంత బరువు దిగుతుంది. అందుచేత తిరుగలితోపాటు ఆ యంత్రాన్ని కూడా కారులో పెట్టుకొని వచ్చి, దాని వైద్య చరిత్ర తీయటం మొదలుపెట్టాను.

త్రీడీవోకి తండ్రి ట్రిప్ హాకిన్స్. ఆయన ఆపిల్ కంపెనీ తొలి రోజుల్లో అక్కడ పనిచేసి, 1982లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఆటల కంపెనీ పెట్టి పేరు తెచ్చుకొన్నవాడు. ఆటలు వ్రాసేవాళ్ళ కష్టాలు ఆయనకి బాగా తెలుసు. నింటెండో యంత్రానికో సెగా యంత్రానికో ఆట వ్రాసి అమ్మాలంటే, ప్రతి కాట్రిడ్జి మీదా ఆ యజమానులకి పెద్ద మొత్తం కప్పం కట్టాలి, వాళ్ళు పెట్టిన షరతులన్నిటికీ ఒప్పుకోవాలి. 1991లో హాకిన్స్ వేరే కంపెనీ పెట్టి ఇంకో దారి ఆలోచించాడు. యంత్రాన్ని తాను తయారుచెయ్యడు. దాని నమూనా మాత్రం తయారు చేయించి, ఎవరు కావాలంటే వాళ్ళకి తయారీ హక్కు ఇస్తాడు. ఆట వ్రాసేవాళ్ళ దగ్గర డిస్కుకి 3 డాలర్లు మాత్రం పుచ్చుకొంటాడు. అప్పటికి అది చాలా తక్కువ మొత్తం.

నమూనా గీసిన డేవ్ నీడిల్, ఆర్.జె. మైకల్ అంతకుముందు అమీగా కంప్యూటరు మీదా, అటారీ లింక్స్ మీదా పనిచేసిన చెయ్యి తిరిగిన ఇంజనీర్లు. యంత్రాన్ని ముందుగా తయారుచెయ్యటానికి జపానులో పానసోనిక్ పేరుతో సరుకు అమ్మే మత్సుషిత ఒప్పుకొంది. ఏటీ అండ్ టీ, టైం వార్నర్, ఎంసీఏ వంటి మహా సంస్థలు భాగస్వాములుగా చేరాయి. 1993 మే నెలలో కంపెనీ వాటాలు బజారులో పెడితే జనం కొన్నారు. ఆ ఏటి మేటి వస్తువుగా టైం పత్రిక దీన్నే ఎంచింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇంత హడావిడి జరిగేనాటికి యంత్రం అయితే ఉంది గాని, దానిమీద ఆడుకోవటానికి ఆటలు లేవు.

హాకిన్స్ మనసులో ఉన్న ఆదర్శం వీసీఆర్. వీహెచ్ఎస్ పద్ధతి కనిపెట్టింది జేవీసీ అనే ఒక్క కంపెనీ అయినా, ఆ యంత్రాలు ఎందరో తయారుచేశారు. ఏ కంపెనీ కాసెట్టు అయినా ఏ యంత్రంలోనైనా ఆడేది, అందుకే ఇంటింటికీ చేరింది. పాటల సీడీ సంగతీ అంతే. ఆటలకి మాత్రం ఇలా అందరికీ ఒకే ప్రమాణం ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ప్రశ్న. ప్రశ్న చాలా మంచిది. ఇప్పుడు చదివినా నాకు మంచిదే అనిపిస్తుంది. చిక్కు ఎక్కడుందో చెప్పటానికి నేను కాఫీ దగ్గరికి వెళతాను.

ఒక ఊళ్ళో ఒక వర్తకుడు ఉన్నాడనుకొందాం. ఆయన కాఫీ ఫిల్టర్లని లాభం చూసుకోకుండా ఖరీదుకే ఇచ్చేసి, తన పొడి తప్ప ఆ ఫిల్టరులో ఇంకొకటి దిగకుండా ఏర్పాటు చేసుకొని, ఏడాది పొడుగునా పొడి మీద సంపాదించుకొంటాడు. నింటెండో, సెగాల వ్యాపారం అదే. యంత్రం చవక, కాట్రిడ్జి ప్రియం. ఇప్పుడు అదే ఊరికి ఇంకొకాయన వచ్చాడు. ఫిల్టర్లు చెయ్యటం ఒకరికి అప్పగించాడు, పొడి అమ్మటం ఇంకొకరికి అప్పగించాడు, పొట్లానికి ఇంత అని తాను పుచ్చుకొంటాడు. పొడి అమ్మేవాడికి ఈ ఏర్పాటు బాగుంది. ఏర్పాటు చేసినవాడికీ బాగుంది. మరి ఫిల్టరు చేసేవాడి సంగతి? పొడి ఎంత అమ్ముడుపోయినా వాడికి పైసా రాదు. వాడు బ్రతకాలంటే ఫిల్టరు మీదే ఖర్చూ లాభమూ రెండూ రాబట్టుకోవాలి. దుకాణదారుకి కూడా ఆ ఫిల్టరు మీదే ఏదో కొంత మిగలాలి. అలా పైపైన కలుపుకొంటూ పోతే ఫిల్టరు ధర ఆకాశంలో ఉంటుంది. పక్క దుకాణంలోనేమో ఫిల్టరు అసలు ఖరీదుకే దొరుకుతోంది.

699 డాలర్ల వెనక ఉన్న లెక్క ఇదే. పానసోనిక్‌వారికి అత్యాశ పుట్టి పెట్టిన ధర కాదది. డిస్కు మీద వచ్చే 3 డాలర్లు హాకిన్స్ కంపెనీకి పోతాయి, తతిమ్మా డబ్బు ఆట వ్రాసినవాళ్ళకి పోతుంది. యంత్రం తయారుచేసినవాడికి యంత్రమే గతి. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు అయింది. వీసీఆరుకి ఈ బాధ ఎందుకు రాలేదంటే, అక్కడ కాసెట్ల మీద రాబట్టుకోవచ్చులే అని యంత్రాన్ని అయినకాడికి ఇచ్చేసే పోటీదారు ఎవరూ లేరు. వీసీఆరు చేసేవాళ్ళందరూ లాభానికే అమ్ముకొన్నారు గనుక అందరూ బ్రతికారు. ఆటల బజారులో మాత్రం అటువంటి పోటీదార్లు ఇద్దరు అప్పటికే వేళ్ళూని ఉన్నారు. ఒక జబ్బుకి బ్రహ్మాండంగా పనిచేసిన మందుని, లక్షణాలు కలిశాయి గదా అని ఇంకో జబ్బుకి ఇచ్చినట్టయింది.

ఇక ఆటల కొరత. యంత్రం అమెరికాలో దుకాణాలకి వచ్చింది 1993 అక్టోబరు 4న. ఆ రోజున దానిమీద ఆడుకోవటానికి ఉన్న ఆట ఒకే ఒకటి. అది క్రాష్ అండ్ బర్న్. క్రిస్టల్ డైనమిక్స్ అనే కొత్త కంపెనీ వ్రాసింది, యంత్రంతోపాటే పెట్టెలో పెట్టి ఇచ్చారు. బాబాయిగారి అబ్బాయి ఆడుకొన్న ఆట ఇదే. భవిష్యత్కాలంలో జరిగినట్టుగా, బళ్ళకి ఆయుధాలు తగిలించుకొని ఒకరినొకరు పేల్చుకొంటూ పరుగెత్తే పందెం. మల్టీమీడియా అన్నారు గనుక వేషాలు వేసుకొన్న నటులు మధ్యమధ్య తెరమీదికి వచ్చి పోతూంటారు. ఆట చెడ్డదని నేను అనను. ఆ రోజుల్లో ఇంట్లో టెలివిజన్ మీద అటువంటి బొమ్మ చూడటం గొప్పే. కాని ఏ పందెమైనా ఎన్నిసార్లు పరుగెత్తుతాం?

నేను చిన్నప్పుడు ఇండియాలో ఆడుకొన్న చవకరకం వీడియో గేములో కాట్రిడ్జి మీద 9999 ఆటలు అని అచ్చువేసి ఉండేది. లోపల ఉన్నవి ఓ పదో పన్నెండో. వాటినే పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ తిప్పేవాళ్ళు. అక్కడ లేని ఆటలు ఉన్నాయని చెప్పారు, ఇక్కడ రాబోయే ఆటలు వచ్చినట్టే చెప్పారు. మేం ఆ కాట్రిడ్జికి పెట్టిన ఖర్చుకి మోసపోయినా బాధ లేదు. ఇంటి వాయిదా అంత పెట్టినవాళ్ళకి బాధే.

ఆటలు ఎందుకు లేవు? వ్రాసేవాళ్ళు బద్ధకించలేదు. 3 డాలర్ల షరతు చూసి ఎందరో ఉత్సాహంగా ముందుకొచ్చారు. కాని యంత్రం నమూనాకి చివరిదాకా మార్పులు చేస్తూనే వచ్చారు. ఖాయమైన యంత్రం చేతికి వచ్చాక ఆటని సరిచూసుకోవటానికి వాళ్ళకి మిగిలిన కాలం బహు తక్కువ. పైగా ఆ పాత కాట్రిడ్జిలో పట్టేది ఒకటి రెండు మెగాబైట్లు, ఈ కొత్త పళ్ళెంలో పట్టేది 600 పైచిలుకు. అంత జాగా ఉంది గదా అని సినిమా ముక్కలు తీసి నింపటం చాలామంది మొదలుపెట్టారు. నటులు, కెమెరాలు, దీపాలు అన్నీ సమకూర్చుకోవాలి. కాలం, ఖర్చు రెండూ పెరిగాయి. ఆడేవాడికి మాత్రం చెయ్యటానికి పని తగ్గి, చూడటానికి పని పెరిగింది. మల్టీమీడియా అనే మాట మీద ఆ రోజుల్లో అందరికీ ఉన్న మోజు అటువంటిది.

తరవాత ఆటలు రాలేదని కాదు, వచ్చాయి. 1994లో రోడ్ రాష్ వచ్చింది, జాన్ మేడన్ పేరు మీద ఫుట్‌బాల్ ఆట వచ్చింది, సాకర్ ఆట ఫిఫా వచ్చింది. నీడ్ ఫర్ స్పీడ్ అనే కారు పందేల ఆట మొట్టమొదట పుట్టింది ఈ యంత్రం మీదే. ఇప్పుడు మన పిల్లలు ఆడే నీడ్ ఫర్ స్పీడ్‌లన్నీ దాని సంతానమే. నాటీ డాగ్ అనే చిన్న కంపెనీవాళ్ళు స్నేహితులకే వేషాలు వేసి కెమెరా ముందు నిలబెట్టి వే ఆఫ్ ది వారియర్ అనే కుస్తీ ఆట చేశారు. ఆ ఆట అంతంతమాత్రమే. ఆ కంపెనీ మాత్రం తరవాత క్రాష్ బాండికూట్‌తో పెద్ద కంపెనీ అయింది. క్రిస్టల్ డైనమిక్స్ కూడా అంతే, కొన్నేళ్ళకి టూంబ్ రైడర్ ఆటలు చేసే స్థాయికి వెళ్ళింది. మా ఆసుపత్రి భాషలో చెప్పాలంటే, రోగి పోయినా అవయవాలు ఇతరులకి పనికొచ్చాయి.

ఇక రోగికి జరిగిన చికిత్స. హాకిన్స్ కంపెనీకి జబ్బు ఎక్కడుందో తెలియకపోలేదు. యంత్రం చేసేవాళ్ళు ధర తగ్గిస్తే అందుకు బదులుగా తమ కంపెనీ వాటాలు ఇస్తామన్నారు. డిస్కు మీద ఇంకో 3 డాలర్లు వసూలుచేసి, ఆ సొమ్ము యంత్రాల ధర తగ్గించటానికి ఖర్చు పెడతామని 1994లో ప్రకటించారు. అంటే నింటెండో, సెగా చేసే పనే ఆలస్యంగా, అరకొరగా చెయ్యబోయారు. డిస్కుకి మూడే డాలర్లని నమ్మి వచ్చిన ఆటల కంపెనీలకి అది కోపం తెప్పించింది. గోల్డ్‌స్టార్, సాన్యో కూడా యంత్రాలు తయారుచేశాయి, ధరలు దిగాయి. ఏటీ అండ్ టీ చేస్తానన్న యంత్రం అంగట్లోకి రానేలేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్న సామెత ఈ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. అన్ని మహా సంస్థలు భాగస్వాములై ఉండి కూడా, నష్టాన్ని భరించవలసింది ఎవరు అనేసరికి ఎవరికివారే తప్పుకొన్నారు.

1995 మే నెలలో లాస్ ఏంజెల్స్‌లో జరిగిన మొదటి ఈత్రీ ప్రదర్శనలో సోనీవారు తమ ప్లేస్టేషన్ ధర 299 డాలర్లని ప్రకటించారు. అదీ సీడీ యంత్రమే, అదీ 32 బిట్లదే. సెప్టెంబరులో అది దుకాణాల్లోకి వచ్చింది. యంత్రమూ తనదే, డిస్కుల మీద వసూలూ తనదే గనుక సోనీ ఆ ధరకి ఇవ్వగలిగింది. అదే ఏడాది హాకిన్స్ కంపెనీ, ఎం2 అని తాము తయారుచేస్తున్న తరవాతి యంత్రం హక్కులని మత్సుషితకి 10 కోట్ల డాలర్లకి అమ్మేసింది. మత్సుషిత 1997లో దాన్ని కట్టిపెట్టేసింది. త్రీడీవో తయారీ 1996తో ఆగిపోయింది. ప్రపంచం మొత్తం మీద అమ్ముడుపోయినవి సుమారు 20 లక్షలు. కంపెనీ ఆటలు వ్రాసి అమ్ముతూ ఇంకొన్నాళ్ళు లాక్కొచ్చి 2003లో దివాలా తీసింది.

ఒక్క రోగిని చూసి సిద్ధాంతం కట్టకూడదని మాకు నేర్పుతారు గనుక, ఇరుగుపొరుగు కేసులు కూడా చూశాను. 1991లోనే కమడోర్ కంపెనీ సీడీటీవీ అనీ, ఫిలిప్స్ కంపెనీ సీడీ-ఐ అనీ ఇటువంటి యంత్రాలే తెచ్చాయి. 1996లో ఆపిల్, బందాయి కలిసి పిప్పిన్ అనే దాన్ని అమెరికాలో 599 డాలర్లకి అమ్మబోయాయి. ఆట, పాట, చదువు అన్నీ ఒకే పెట్టెలో అన్నది అందరి మంత్రం. పిల్లవాడికి ఆట కావాలి, తండ్రికి చదువు కావాలి. ఆ రెండు కోరికల మధ్య నిలబడి రెండోదానికి గాలం వేసినవే ఇవన్నీ. ఏదీ నిలవలేదు. దాన్నిబట్టి బాబాయిగారు ఒక్కరే పొరపడ్డారనుకోవటం న్యాయం కాదు. ఆయన చదివిన పత్రికలు పొరపడ్డాయి. కోట్ల కొద్దీ డబ్బుపెట్టి, నిపుణులని కూర్చోబెట్టుకొని లెక్కలు వేసిన సంస్థలు పొరపడ్డాయి. వాళ్ళకి కనపడని కింది వరుస, జీతం డబ్బుతో కొడుక్కి మంచి వస్తువు కొనాలనుకొన్న మనిషికి కనపడాలనటం ఏం ధర్మం?

ధ్రువపత్రం నా శక్తికొద్దీ ఇలా నింపాను. మొదటి వరుస: అమ్మకాలు చాలక తయారీ ఆగిపోవటం, 1996. రెండో వరుస: అందుకు కారణం, అందుబాటులో లేని ధర, తొలి నెలల్లో ఆటల కరువు. మూడో వరుస: అందుకు కారణం, యంత్రం చేసేవాడికి యంత్రం మీద తప్ప రాబడి లేకపోవటం, నమూనా ఆలస్యంగా ఖాయం కావటం. అడుగు వరుస, మూలకారణం: కాట్రిడ్జిల మీద బ్రతికే వ్యాపారానికి వీసీఆరు వ్యాపారపు సూత్రాన్ని అన్వయించటం. అసలు పత్రంలో, మరణానికి తోడ్పడిన ఇతర పరిస్థితులకి కింద వేరే భాగం ఉంటుంది. అందులో 1995, ప్లేస్టేషన్, 299 డాలర్లు అని వ్రాశాను. కొన్నవాడి తెలివితక్కువతనం అని వ్రాయటానికి ఏ వరుసలోనూ నాకు చోటు కనిపించలేదు.

ఇదంతా బాబాయిగారికి టెలిఫోనులో చెప్పాను. ఆయన ఇంజనీరు గనుక ఫిల్టరు లెక్క దగ్గర ఆపి రెండు ప్రశ్నలు వేశారు. చివరికి, "అయితే నాది 699 డాలర్ల తప్పు కాదంటావు" అన్నారు. కాదన్నాను. "సరే. మావాడికి కూడా ఈ లెక్క చెప్పి చూస్తాను" అన్నారు. వారం తరవాత పిన్నిగారు ఫోనులో చెప్పిన మాట ఇది: కొడుకు తండ్రి చెప్పిందంతా విని, ఆ యంత్రం ఇంకా ఉందా, పారెయ్యలేదు గదా అని అడిగాడట. తన స్నేహితులు ఎవరికీ లేనిది తనకే ఉందని ఆ రోజుల్లో గర్వంగా ఉండేదని కూడా అన్నాడట. తండ్రీ కొడుకులు ఇన్నేళ్ళూ ఈ సంగతి మాట్లాడుకోలేదు.

యంత్రం పనిచేస్తూనే ఉంది. దుమ్ము దులిపి, కటకం తుడిచి, పాత టెలివిజన్ ఒకటి సంపాదించి తగిలించాను. దాచుకొన్న ఆటల లెక్కలు నిలబెట్టే లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది గనుక పాత స్కోర్లేమీ మిగల్లేదు. డిస్కు మాత్రం గీత పడకుండా ఉంది. ఉగాది సభ నాడు పిల్లల గదిలో పెడతాను. ఒకదానికొకటి గొలుసుకట్టుగా తగిలిస్తే 8 మంది కలిసి ఆడుకోవటానికి వీలున్న యంత్రం ఇది. అయితే పెట్టెలో వచ్చింది ఒక్కటే పాడ్, మన దగ్గర ఉన్నదీ అదే. పిల్లలు వంతులవారీగా ఆడుకోవాలి. పెద్దలు మీ బేస్‌మెంట్లలో ఓసారి వెతికి చూడండి. ఇంకో పాడ్ గాని, ఇంకో డిస్కు గాని దొరికితే ఆ రోజు వెంట తీసుకురాగోరతాను.